ట్రాక్టర్ నిండ ఒడిబియ్యం

నేను చెప్తున్న, మా కోడలు రాస్తున్నది. నాకు సంతకం వరకే వచ్చు. తిట్లు వచ్చిన కాడ అది పెన్ను ఆపుతది. యాడన్న మాట తక్కువైనట్టు కొడితే అక్కడ ఒక తిట్టు ఉండెననుకోండి.

యాపారం సంగతి చెప్త. టీవీల కోట్లు ఏసుకున్నోళ్ళు రోజూ అంటరు గదా, దేశాలన్నీ యాపారం మీదనే నిలబడ్డయని. ఉండొచ్చు. నేను సముద్రం సూడలే. కానీ సముద్రంల ఏమన్న అయితే ముందుగాల దెబ్బ తగిలేది నా వడ్ల కుప్పకే. యాడనో రెండు దేశాలు కొట్టుకుంటయ్, ఈడ మా దళారి తలకాయ ఊపుతడు. "ఓడలు ఆగినాయక్కా, ధర పడింది" అంటడు. సరే, ఆగినయ్. కొన్నొద్దులకు ఆ దేశాలు కలిసిపోతయ్. "ఇప్పుడన్న పెంచు నాయినా" అంటే, "ఓడలు కదిలినాయి గానీ ఇంకా ఒడ్డుకు చేరలేదక్కా" అంటడు. మా ఆయన పోయినప్పటి సంది ఆ ఓడ వస్తనే ఉన్నది.

మా ఇల్లు కోదాడ దగ్గర. పొలమేమో చెక్‌పోస్టు అవతల, ఆంధ్రల. మా నాయిన పసుపు కుంకుమ కింద నాకిచ్చిన మడి అది. ఇచ్చిన్నాడు అవతల ఇవతల అని లేకుండె, అంత ఒకటే. తర్వాత రాష్ట్రాలు రెండైనయ్. నా పొయ్యి ఈడ పడ్డది, నా పొలం ఆడ పడ్డది. పంచుకునేటప్పుడు పెద్దలు నన్ను అడగలే.

మా ఆయన ఉన్నప్పుడు వడ్లు ఆయన్నే అమ్మేది. ముందుగాల సూర్యాపేట మార్కెట్‌కు, తర్వాత మిర్యాలగూడ మిల్లులకు. మిర్యాలగూడ తీరు వేరే. సన్నవడ్లు మిషన్ కోసినయి కోసినట్టు, పచ్చిగనే ట్రాక్టర్ల నింపుకొని మిల్లు గేటు కాడ లైన్ల పెడతరు. ఎండబోసే పని లేదు. మా ఆయన ఆ లైన్ల నిలబడి, మిల్లోళ్ళతోని గొంతు పోయేదాంక కొట్లాడి, వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు పట్టుకొచ్చేది. ఆయన పోయినంక దళారి పొలం కాడికే వచ్చి, ఓడల ముచ్చట చెప్పి, కాంటా పెట్టి ఎత్తుకపోయేది. ఆ మనిషి చెప్పిందే ధర.

ఈ పంటకు మాత్రం నేను పట్టువట్టిన. నా వడ్లు నేనే మిర్యాలగూడ తీసుకపోత, మిల్లు గేటు కాడ నేనే నిలబడత, మిల్లు ఏం ధర ఇస్తదో నా చెవులతోని ఇంట అన్న. కోడలు వద్దన్నది. నేను ఇనలే. రాయి, రాయి, అది గూడ రాయి.

పొద్దుగాల మిషన్ కోసింది. ట్రాక్టర్ కిరాయికి మాట్లాడి, డ్రైవర్ పక్కన మడ్గార్డు మీద కూసున్న. రాణిగారి లెక్క వచ్చినం చెక్‌పోస్టు దాంక.

"ఆపు, ఆపు! ఏందివి?" అన్నడు కానిస్టేబుల్.

"వడ్లు సారూ."

"కనవడ్తనే ఉన్నది. యాడి వడ్లు?"

"పొలంల వడ్లు."

"అమ్మా, పరేషాన్ చెయ్యకు. ఆంధ్రా వడ్లా, తెలంగాణ వడ్లా?"

పిడికెడు తీసి ఆయన మొఖం ముందర పట్టిన. "నువ్వే అడుగు. నోరు తెరిస్తే యాస తెలుస్తది."

డ్రైవర్ కిసుక్కున నవ్విండు. కానిస్టేబుల్ నవ్వలే. అవతలి వడ్లు ఇవతలి మిల్లులకు రానియ్యొద్దని పైనుంచి ఆర్డర్ ఉన్నదట. వస్తే మన రైతుకు నష్టమట.

"మరి నేనెవరి రైతును?" అన్న.

"పాసుబుక్కు యాడిది?"

"అవతలిది."

"ఆధార్?"

"ఇవతలిది."

ట్రాక్టర్ దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి సూసిండు. "అయితే నువ్వు పో. వడ్లను అవతల్నే ఉంచు" అన్నడు.

ఇగో, గిట్లుంటది లెక్క. నన్ను కోడలుగ తెచ్చుకున్ననాడు ఏ సారూ ఆపలే. బావి కాడ పనికొచ్చే రెండు చేతులు ఉత్తపుణ్యానికి ఇటు వస్తుంటే మన రైతుకు నష్టమని ఎవలూ అనలే. ఆ చేతులు పండించిన గింజ వస్తే మాత్రం దేశానికి ఆపద.

నా నోరు ఊకుంటదా? "ఇవి యాపారపు వడ్లు కావు సారూ. మా పుట్టింటోళ్ళు పోసిన ఒడిబియ్యం" అన్న.

ఒడిబియ్యం అంటే మా దిక్కు ఆడబిడ్డకు పుట్టింటోళ్ళు పోసే బియ్యం. పసుపు కలిపి, ఎండు కొబ్బరి కుడుకలు పెట్టి, కొంగుల పోస్తరు. ఆ మూట నడుముకు కట్టుకొని అత్తగారింటికి రావాలె. దాన్ని ఎవలూ ఆపరు.

"ట్రాక్టర్ నిండనా?" అన్నడు.

"మా తమ్ముడి చెయ్యి పెద్దది."

ఎనుక ఆగిన ఆటోల ఆడోళ్ళు పక్కున నవ్విన్రు. కానిస్టేబుల్ గూడ నవ్వబోయిండు. అంతల నా నొసలు దిక్కు సూసిండు. బొట్టు లేదు. "ఒడిబియ్యం ముత్తైదువలకు పోస్తరమ్మా. మా ఇంట్ల గూడ ఉన్నదా పద్ధతి" అన్నడు.

చెడ్డగ అనలే, మెల్లగనే అన్నడు. గట్టిగ తిడితే తిరిగి తిట్టేదాన్ని. వడ్లను ఆపింది సర్కారు. నా ఒడి మా ఆయనతోనే బందైన సంగతి ఈ మనిషి నడిరోడ్డు మీద యాదికి తెచ్చిండు.

ట్రాక్టర్ పక్కకు పెట్టించిన్రు. ఎండ ముదిరింది. ట్రాలీల మోచేతి దాంక చెయ్యి పెట్టి సూసిన. లోపల జరమొచ్చిన పిల్ల పొట్ట లెక్క వెచ్చగున్నయ్. పచ్చి వడ్లు కుప్పల ఉంటే అంతే. పొద్దుగూకెదాంక గట్లనే ఉంటే రంగు మారుతయ్, మొలక పుడతది. గప్పుడు ఇటు మిల్లు తీసుకోదు, అటు దళారి తీసుకోడు.

పక్కన చాయ్ బండి కాడ ఒక లెక్చరర్ సారు నిలబడ్డడు. కోదాడ కాలేజీల చెప్తడట. నా లొల్లి అంత ఇన్నడు. పాపం, మంచిగ అర్థం చేపిద్దామనుకున్నడు.

"ఇది ఇయ్యాల్టిది కాదమ్మా. ప్రపంచ చరిత్రంతా ఇట్లాగే నడిచింది. మిరియాల కోసం తెల్లోళ్ళు సముద్రాలు దాటి వచ్చారు. సరుకు కొంటామని వచ్చి దేశాన్నే ఏలారు."

"గప్పుడు ఈ కానిస్టేబుల్ సారు డ్యూటీల లేకుండెనా?"

ఆయన చాయ్ అంగీ మీద ఒలికింది. "రాజులు గూడా సరిహద్దు దగ్గర సుంకం తీసుకునేవాళ్ళమ్మా. కట్టినవాడిని పోనిచ్చేవాళ్ళు."

"నేను గూడ కడ్త అంటున్న. అయినా పోనిస్తలేరు గదా."

"అందుకే ఇప్పుడు దాన్ని పాలసీ అంటారు" అన్నడు.

మేము మాట్లాడుతుండంగనే పెద్ద లారీ వచ్చింది. పట్టా కప్పి ఉన్నది, కింద వడ్లు రాలుతున్నయ్. కానిస్టేబుల్ కాయితం సూసిండు, గేటు లేపిండు.

"సారూ, గవి వడ్లు కావా?" అని అరిచిన.

"అవి మహారాష్ట్ర పోతున్నయమ్మా. కాయితం ఉన్నది. ఇటునుంచి దాటిపోతయ్ అంతే."

మహారాష్ట్ర పోయే వడ్లతోని మన రైతుకు నష్టం లేదట. మిర్యాలగూడ పోయే ముసలమ్మ వడ్లతోనే నష్టమట.

నేను తమ్ముడికి ఫోన్ కొట్టిన. అవతల నుంచి తమ్ముడు, మరదలు బండి మీద వచ్చిన్రు. జరిగింది చెప్పిన. తమ్ముడు పోయి కానిస్టేబుల్‌ను బతిమిలాడుతున్నడు. మరదలు మాత్రం నిలబడ్డకాడ నిలబడి అడిగింది.

"ఒడిబియ్యం నీకు పొయ్యకూడదన్నారా?"

"పద్ధతి గదనే" అన్న.

"మీ అత్తగారి ఊరి పద్ధతి వదినా అది. మా వైపు అసలు లేనే లేదు. మీ అత్త అడిగిందని మీ అమ్మ నేర్చుకుని పోసింది. నేర్చుకున్నోళ్ళకి మార్చడం రాదా? కొంగు పట్టు" అని ట్రాలీల నుంచి దోసిలి నిండ వడ్లు ఎత్తింది.

"నడిరోడ్డు మీదనా? పిచ్చా నీకు?"

"పట్టు ముందు! చేతులు నొప్పెడుతున్నాయి."

ఆ దోసిలి నా కొంగుల పోసింది. మళ్ళ పోసింది. పసుపు లేదు, కుడుకలు లేవు. బియ్యం గూడ కాదు, పచ్చి వడ్లు. ఆటోలల్ల జనం సూస్తున్నరు, లెక్చరర్ సారు చాయ్ పక్కకు పెట్టిండు. నడుముకు బరువు తెలిసింది.

కానిస్టేబుల్ ఇటు తిరిగిండు. "ఒడిలయి తీస్కపో అమ్మా, నేను సూడలే. ట్రాక్టర్ మాత్రం ఎనుకకు మలపాలె" అన్నడు. అంతకన్న ఏం చేస్తడు? ఆయన నౌకరి ఆయనది.

ఇగ ఎవరొస్తరు? దళారి వచ్చిండు. తమ్ముడే కబురు పెట్టిండు, వేరే దారి లేక. వడ్లు పిడికిట్ల పట్టి, "వేడెక్కినాయక్కా. పైగా ఓడలు..." అన్నడు.

"ఆగినయ్, నాకెరుకే" అన్న. "నీ ధరకే ఇస్త. కానీ నీ లారీల నేను గూడ మిర్యాలగూడ వస్త."

"నువ్వెందుకక్కా?"

"ఓడ సూడనీకి."

వడ్లు లారీలకు మారినయ్. డ్రైవర్ పక్కన నేను కూసున్న, ఒడిల మూట నడుముకే ఉన్నది. మళ్ళ అదే చెక్‌పోస్టు, అదే కానిస్టేబుల్. కాయితం సూసిండు. దాని మీద మహారాష్ట్ర అని ఉన్నది. తల ఎత్తి నన్ను సూసిండు.

"అమ్మా, నువ్వా?"

"మహారాష్ట్ర పోతున్న సారూ."

ఆయన దూరం దిక్కు సూసుకుంట గేటు లేపిండు.

మహారాష్ట్ర మిర్యాలగూడలనే ఉన్నది. మిల్లు గేటు కాడ లారీలు, ట్రాక్టర్లు లైన్ల ఉన్నయ్. మా ఆయన గీడ్నే యాడనో నిలబడి గొంతు చించుకునేది. మిల్లు మనిషి వచ్చిండు. లారీల చువ్వ దింపి గింజలు తీసిండు, అరచేతుల నలిపిండు, ఒకటి పంటికింద ఏసిండు.

"మంచి సన్నాలు. జర వేడెక్కినయ్ గానీ ఫరవాలే. ఎవరివి?"

"నావి" అన్న.

"మా దళారి సేటువి" అన్నడు లారీ డ్రైవర్.

మిల్లు మనిషి డ్రైవర్‌నే నమ్మిండు. ధర చెప్పిండు. నా చెవులతోని ఇన్న. దళారి నాకిచ్చిన దాని మీద ఎంత ఎక్కువనో కోడలు రాస్తలేదు, ఎందుకంటే ఆ ముచ్చట తిట్లు లేకుండ చెప్పరాదు.

"నాయినా, ఒక్కటి అడుగుత" అన్న మిల్లు మనిషిని. "ఓడలు ఆగినయట గదా?"

"ఏ ఓడలమ్మా?" అన్నడాయన.

బయటికొచ్చి బజ్జీలు కొనుక్కొని కోదాడ బస్సు ఎక్కిన. కండక్టర్ నా ఒడిల మూట సూసి ఆగిండు.

"ఏందమ్మా అది? లగేజీ కొట్టాల్నా?"

"ఒడిబియ్యం నాయినా" అన్న.

ఆయన గూడ నా నొసలు దిక్కు సూసిండు. నేను గూడ ఆయన దిక్కే సూసిన, ఏమంటడో అనమని.

"జర లోపలికి జరిగి కూసో, ఒలుకుతయ్" అన్నడు.