గొడ్ల దొడ్డిలో సత్యవ్వ సమ్మె

వెల్గటూరు అవతల, గోదారి ఒడ్డున ఉన్న గొడ్ల దొడ్డికి యజమానులు మారారు గాని సత్యవ్వ మారలేదు. పెళ్లయి వచ్చిన ఏడాదే దొర బర్రెల కింద పేడ ఎత్తడం మొదలుపెట్టింది. దొర పట్నం పోతూ పోతూ దొడ్డిని ఒక కాంట్రాక్టరుకు అమ్మాడు. అతగాడు ఏడాదికోసారి వచ్చి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని చూసి పోయేవాడు. అతని దగ్గర కోరుట్ల ఖాలిద్ కొన్నాడు. సౌదీలో సూపర్‌వైజర్‌గా చేసి వచ్చినవాడు. తెల్లచొక్కా మీద మరక పడనివ్వడు.

వచ్చిన రోజే చెప్పేశాడు: "అవ్వా, నాకు జాగ కావాలె, గొడ్లు వద్దు. లారీలు రాంగనే అరవై బర్రెలు అంగడికి పోతయ్."

సత్యవ్వకు అన్నం సహించలేదు. ఆ అరవైలో ఆమె చేతుల్లో పుట్టనిది ఒక్కటీ లేదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. లారీలు లేవు, బస్సులు లేవు. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తింటున్నారు. పాలబండి రాకపోయేసరికి సత్యవ్వ పాలన్నీ రోడ్డు మీది సమ్మె శిబిరానికి మోసింది. "జై తెలంగాణ" అని గట్టిగా అన్నవాడికి రెండో గ్లాసు చాయ్. ఖాలిద్ మాత్రం లారీల కోసం దొడ్డిలోనే పడిగాపులు.

పన్నెండో రోజు పొద్దున్నే చుక్కబర్రెకు నొప్పులొచ్చాయి. దూడది ఒక కాలు బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడింది. పశువుల డాక్టరు సమ్మెలో ఉన్నాడు. సత్యవ్వ చేతిలో మునుపటి బలం లేదు.

"జరుగవ్వా!"

ఖాలిద్ తెల్లచొక్కా విప్పి అవతల పారేశాడు. మోచేతి దాకా నూనె పూసుకుని, కళ్లు మూసుకుని, లోపలి కాలును మెల్లగా సరిచేశాడు. బర్రెను అరబ్బీలో ఏదో బుజ్జగించాడు. ఒక్క గుంజుడుకు దూడ గడ్డిమీద పడి తుమ్మింది.

సత్యవ్వ అతణ్ని ఎగాదిగా చూసింది. "సాబూ, సౌదీల సూపర్‌వైజర్లకు గీ పని గూడ నేర్పుతరా?"

ఖాలిద్‌కు నవ్వాగలేదు. "సూపర్‌వైజర్ అయింది తర్వాత, అవ్వా. ముందుగాల ఎనిమిదేండ్లు ఎడారిల ఒంటెలు కాసిన. మళ్ల జీవాల మొకం సూడొద్దని ఒట్టు వెట్టుకున్న. కోరుట్లల చెప్పకు, మా బామ్మర్దులు పడీ పడీ నవ్వుతరు."

"చెప్ప. లారీలు రానియ్యకు మరి."

"బెదిరిస్తున్నవా?"

"లేదు కొడుకా, సమ్మె జేస్తున్న. అందరు జేస్తలేరా?"

దూడ అప్పటికే అతని వేలు చప్పరిస్తోంది. ఖాలిద్ వేలు తీసుకోలేదు.

సమ్మె అయిపోయాక లారీలు వచ్చాయి, నిండా వరిగడ్డితో. దించే హమాలీల మీద సత్యవ్వ కేకలు ఊళ్లోకి వినపడ్డాయి.