అన్నకు బుద్ధొచ్చిందన్నారు

నంద్యాలలో డిగ్రీ మొదటి ఏడాది లెక్కల పరీక్ష తప్పినప్పుడు నేను ఫోన్లోనే భోరుమన్నాను. మధ్యాహ్నానికల్లా నాయన ఆళ్లగడ్డలో బస్సెక్కి హాస్టల్ ముందు వాలాడు. వార్డెనమ్మ వారం రోజులు నన్ను తన గదిలోనే పడుకోబెట్టుకుంది. ఆడపిల్ల, ఏమన్నా చేసుకుంటుందేమోనని అందరికీ భయం.

అదే ఊళ్లో మా అన్నది ఇంజనీరింగ్ చివరి ఏడాది. ఐదు సబ్జెక్టులు మిగిలిపోయాయి. కంపెనీల వాళ్లు కాలేజీకి వచ్చి పోయారు, అన్నను ఎవరూ తీసుకోలేదు. ఆదివారం ఇంటికొస్తే పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. క్రికెట్ మానేశాడు, నాతో పోట్లాట కూడా మానేశాడు. "పిల్లోనికి బుద్ధొచ్చింది" అని అమ్మ వీధంతా చెప్పుకుంది. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక సాయంత్రం హాస్టల్ గేటు దగ్గరికొచ్చి, ఏనాడూ నన్ను ముట్టుకోనివ్వని తన వాచీ నా చేతిలో పెట్టాడు. ఇంక దానితో తనకు పనిలేదన్నాడు. సంబరంగా చేతికి పెట్టుకున్నాను. అన్న వీధి మలుపు తిరిగాక ఒక మాట గుర్తొచ్చింది. అంతకుముందు మా హాస్టల్లో ఒక నర్సమ్మ క్లాసు పెట్టి చెప్పింది, ఇష్టమైనవి ఎవరన్నా పంచిపెడుతుంటే అనుమానించండి, సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని. ఆ క్లాసు ఆడపిల్లలకే పెట్టారు. మగపిల్లల హాస్టల్‌కు క్యారమ్ బోర్డు ఇచ్చారు.

పరుగెత్తి బస్టాండులో పట్టుకున్నాను. చుట్టూ అంత జనం, అయినా సాయానికి పిలుద్దామంటే తెలిసినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. సూటిగానే అడిగాను.

"అన్నా, చచ్చిపోవాలనిపిస్తాండాదా నీకు?"

బస్సుల వైపే చూస్తూ అన్నాడు.

"ఊఁ."

బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లు తన మీదే ఉంచి, రెండడుగులు పక్కకెళ్లి నాయనకు ఫోన్ చేశాను. అన్నను చూస్తే భయంగా ఉందన్నాను. వానికేమైతుంది, మగపిల్లోడు గదా అన్నాడు నాయన. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను. అవతల నాయన చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

"యాడుండారు? కదలాకండి. వస్తాండా."

వెళ్లి అన్న పక్కన కూర్చున్నాను. నాయన బయల్దేరాడని చెప్పాను.

అన్న ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు.

"యాల వస్తాండాడు? నీకేమైంది పాపా?"