మూడు బడులకే ఎందుకు వేశానంటే

ఇంటర్‌తో చదువు ఆగిపోయినా, పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. తెనాలిలో మా ఇంటి వరండాలో పదహారేళ్ళు పిల్లలకు ట్యూషన్ చెప్పాను. నలభై ఆరో ఏట, బడిలో నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పాలనిపించింది.

ప్రైవేటు బడుల జాబితా రాస్తే ఇరవై రెండు తేలాయి. "అన్నిటికీ అప్లికేషన్ పడేయక్కా, పోయేదేముంది?" అన్నాడు తమ్ముడు. నాకలా చేతకాదు. డిగ్రీ ఉండి తీరాలన్నవి కొట్టేశాను. తెనాలి బళ్ళు చాలావరకు అక్కడే పోయాయి. మిగిలిన తొమ్మిదింటిలో మొదటి బెల్లుకు పది నిమిషాల ముందే చేరగలిగినవి మూడు: తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒక్కొక్కటి.

"ఎన్నిటికి వేశావంటే, మీదొక్కదానికే అని చెప్పు" అనీ తమ్ముడే నేర్పాడు. తెనాలిలో అలాగే చెప్పాను. ప్రిన్సిపాల్ మేడమ్ నవ్వింది. "బాపట్ల బడి మా పెదనాన్నగారబ్బాయిదేనండి. మీ అప్లికేషన్ అక్కడా ఉందని పొద్దున్నే చెప్పాడు."

అబద్ధం దొరికిపోయింది. ఆ రెండు చోట్లా నా పని అయిపోయింది.

ఇక రేపల్లె ఒక్కటే. కరస్పాండెంట్‌గారు పెద్దాయన. ఆయనా అదే అడిగారు.

"ఇరవై రెండు బడుల్లో మూడిటికండి."

"మూడేనా? మరి మాది ఎన్నోదమ్మా?"

"మూడోదండి."

పక్కనున్న హెడ్మాస్టరు కిసుక్కున నవ్వాడు. "ఏంటమ్మా, మొహం మీదే చెప్పేస్తున్నారు!"

"రైలు దిగి నడిస్తే మీ బెల్లుకు పన్నెండు నిమిషాల ముందు వస్తానండి. మూడింట్లో తక్కువ వ్యవధి ఇక్కడే. అందుకే మూడోది."

"రైలు లేటైతే?"

"లేటని ఫోన్‌లో ముందే చూసుకుని, ఆ రోజు బస్సుకే వస్తానండి. రైల్లోనూ, బస్సులోనూ వచ్చి చూసుకున్నాను."

"మా గేటు దాకానా?"

"మీ వాచ్‌మన్‌ని అడగండి. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు."

పెద్దాయన గట్టిగా నవ్వి, నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. "ఏడో తరగతికి ఇప్పుడు టీచరు లేరు. ఇరవై రెండు మూడెలా అయిందో వాళ్ళకి చెప్పండి."

చెప్పాను. కొట్టివేతలన్నీ బల్ల మీద వేసి మరీ చెప్పాను. ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు. రెండో వరసలో ఒక పిల్ల లేచింది. "టీచర్, మేం చెరుకుపల్లి నుంచి వస్తాం. రోజూ లేటే. మా బస్సు లెక్క కూడా చూస్తారా?"

దాని టైములు అడిగి బల్ల మీద రాయడం మొదలుపెట్టాను.

"సోమవారం నుంచి వచ్చేయండమ్మా" అన్నారు పెద్దాయన గుమ్మంలోంచి.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. లెక్క ఇంకా సగంలోనే ఉంది.