చెరుకు చేలో గోల్ఫ్ నేర్చుకున్న ఆదివారాలు

నేను గోల్ఫ్ కర్ర మొదటిసారి పట్టుకున్నది యాభై రెండేళ్ల వయసులో, బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే దారిలో, ఒకప్పుడు చెరుకు పండిన చేలో. ఆ చలికాలపు ఆదివారాలు నిజంగా జరిగాయో, తెల్లవారుజామున సగం నిద్రలో చూశానో ఇప్పటికీ తేల్చుకోలేను. చుట్టూ మంచు. కాలువలో నీటి చప్పుడు. పక్క చేలో పూతకొచ్చిన చెరుకు మీద వెండి రంగు కుచ్చులు. వాటి నడుమ చేతుల్లో కర్రలు పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడిన పెద్ద మనుషులం.

ఆ చేను మా పెద్దమ్మ కొడుకుది. నాకంటే రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. హైదరాబాదులో చాలా ఏళ్లు గోల్ఫ్ నేర్పే కోచ్‌గా పనిచేశాడు. చెరుకు ఆడించే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇరుగుపొరుగు రైతులు చాలామంది వరికి మళ్లారు. అన్న మాత్రం తిరిగొచ్చి, తన వాటాకొచ్చిన రెండెకరాల్లో గడ్డి వేశాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పెట్టి, ఒక పంటను చూసుకున్నట్టే చూసుకున్నాడు. ఆరు చోట్ల చిన్న గుంటలు తవ్వి జెండాలు పాతాడు. గట్టు మీదుగా పోయే రైతులు ఆగి, "గింత మంచి గడ్డి పెంచినవ్, ఏ బర్లకు మేపుతవే?" అని అడిగేవారు. అన్న నవ్వి ఊరుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది మంది నేర్చుకోవడానికి వస్తున్నారు. రిటైరైన ఇంజనీరు ఒకాయన, పళ్ల డాక్టరు, ఆయన భార్య, ఇంకొందరు. ఒకరోజు అన్న నిజామాబాదులో మా ఇంటికొచ్చాడు. టీ తాగుతూ అన్నాడు.

"చెల్లే, నువ్వు పిల్లలు ఎట్ల ఎదుగుతరో చెప్తవ్ గదా. పెద్దోళ్లు ఎట్ల ఎదుగుతరో గూడ జర చెప్పు. నా కాడికి వచ్చేటోళ్ల చేతులు నేర్చుకుంటున్నయి గని, మనుషులు నేర్చుకుంటలేరు. ఒక్క బంతి తప్పిందంటే మొకాలు మాడిపోతున్నయి."

నేను టీచరు శిక్షణ కాలేజీలో మనిషి ఎదుగుదల గురించిన మనస్తత్వశాస్త్రం చెబుతాను. అదే పాఠం ఎన్నో ఏళ్లుగా. మనిషి దశలు దశలుగా ఎదుగుతాడు, ప్రతి దశలో నేర్వవలసింది ఒకటుంటుంది. పసితనంలో నమ్మకం, తర్వాత తనంతట తాను చేయడం, తర్వాత ఆట, ఆ తర్వాత శ్రద్ధగా పని. నా చదువు తరగతి గది దాటి ఒకరికి అవసరపడటం అదే మొదటిసారి. పొంగిపోయాను. కొత్త నోటుబుక్కు కొని, ఒక్కో ఆదివారానికి ఒక్కో దశ చొప్పున శిక్షణ రాసుకున్నాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉంది. యాభై ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి మెడ, భుజం పట్టేశాయి. చేతులు కదిలించాలి, బయట నడవాలి అని డాక్టరు చెప్పాడట. "నువ్వు ఆడిదాక పోతున్నవ్ గదా చెల్లె, నన్ను గూడ తోల్కపో, గాలికి కూసుంట" అంది. నా పాత కారులో ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో బీడీల చాట లేని ఆమెను చూడటం నాకు కొత్తగా ఉంది. దారి పొడుగునా ఆమె వేళ్లు ఖాళీ గాలిని చుడుతూనే ఉన్నాయి.

మొదటి ఆదివారం నేను అందరినీ గడ్డి మీద గుండ్రంగా కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీరు మొట్టమొదట నమ్మిన మనిషి ఎవరు అని అడిగాను. పళ్ల డాక్టరు ఫోను చూసుకున్నాడు. ఇంజనీరు గొంతు సవరించుకుని, "మేడం, మనం కర్ర స్వింగ్ చేయడం ఎప్పుడు మొదలుపెడతాం?" అన్నాడు. గట్టు మీద కూర్చున్న అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

అన్న ఆమె దగ్గరికి పోయి ఒక కర్ర అందించాడు.

"నాకెందుకు తమ్మీ?"

"ఊకె పట్టి చూడక్కా."

"గట్టిగ పట్టాల్నా?"

"నీకెట్ల పట్టబుద్ధయితే గట్ల పట్టు."

ఆమె పట్టుకుంది. అన్న ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మా అందరినీ పిలిచి చూపించాడు. అక్కడ ఎవరికీ నెలల తరబడి రాని పట్టు అది. వేళ్లలో బిగువు ఉంది, మణికట్టులో లేదు. అక్క తేలిగ్గా చెప్పింది: "బీడి గూడ గంతే. గట్టిగ పడితే ఆకు పగుల్తది, ఇడిస్తే ఊడిపోతది."

కానీ బంతిని మాత్రం కొట్టలేకపోయింది. కర్ర గాలిలో తిరిగింది, మట్టి లేచింది, బంతి అక్కడే ఉంది. ఆమెకు నవ్వు ఆగలేదు. మళ్లీ ఊపింది, మళ్లీ తప్పింది, చివరికి గడ్డి మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బంతి తప్పినందుకు ఆ చేలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

నేను పక్కన కూర్చున్నాను. "చిన్నప్పుడు ఏం ఆటలాడేదానివి అక్కా?"

"ఆడుడా?" అంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఎనిమిదేండ్లకే మా అవ్వ నా ముందట చాట వెట్టింది. ఆడుడు ఏడిది చెల్లె. బయట పోరగాండ్లు ఉరుకుతుంటే కాళ్ల సప్పుడు ఇనుకుంట చుట్టేదాన్ని."

నా చెయ్యి దానంతటదే నోటుబుక్కు తెరిచింది. ఆట దశ జారిపోయిన మనిషి, ఎంత చక్కని ఉదాహరణ అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. రాస్తుంటే ఆమె నీడ కాగితం మీద పడింది.

"ఏం రాస్తున్నవ్?"

"ఏం లేదక్కా. నువ్వు చెప్పిందే."

"నా బతుకు పాఠమా? నీ కాలేజి పిల్లలకు చెప్తవా?"

కర్రను మెల్లగా గడ్డి మీద పెట్టి కారు దగ్గరికి నడిచింది. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ కూర్చుంది. ఆమె వేళ్లు కూడా కదలలేదు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఒంట్లో బాగాలేదని కోడలు వచ్చి చెప్పింది. వాకిట్లో అక్క చాట ముందు కూర్చుని ఉండటం తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. ఆ రోజు శిక్షణలో నేను ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

వారం మధ్యలో కాలేజీ నుంచి నేరుగా ఆమె వాకిట్లోకి వెళ్లి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏమని క్షమాపణ అడగాలో తెలియలేదు. "నాకు చుట్టుడు నేర్పక్కా" అన్నాను. ఆమె నా వైపు చూడకుండానే కత్తిరించిన తునికాకు ఒకటి నా చేతిలో పెట్టింది.

మొదటి ఆకు చిరిగింది. రెండోది చిరిగింది. మూడోదాంట్లోంచి పొగాకంతా నా ఒళ్లో పడింది. చెవులు వేడెక్కాయి. చదువులో ఎప్పుడూ మొదట నిలిచిన మనిషిని, రాని పని జోలికి పోకుండా జీవితమంతా గడిపేసిన మనిషిని. ఒకరి ముందు కూర్చుని తప్పు మీద తప్పు చేయడం ఎలా ఉంటుందో మరిచేపోయాను. అక్క మందలించలేదు, వివరించనూ లేదు. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చుట్టింది.

"ఊపిరి ఆపుతున్నవ్" అంది కాసేపటికి. "ఇడువు. ఆకేం ఉరికిపోతలేదు."

ఊపిరి విడిచాను. పదో పన్నెండో ఆకుకి బీడీ లాంటిది ఒకటి తయారైంది. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "దీన్ని బీడి కంపినోళ్లు తీసుకోరు గని, నీకైతే మంచిగనే ఉన్నది" అంది. ఇద్దరం నవ్వాం. లేచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపి అడిగింది: "ఆదివారం ఎన్నింటికి?"

ఆ ఆదివారం నోటుబుక్కు ఇంట్లోనే వదిలేశాను. దారంతా మంచు, కారు దీపాలు వేసుకునే వెళ్లాం. చేను చేరేసరికి జెండాలు కనబడటం లేదు, పది అడుగుల అవతల మనిషే కనబడటం లేదు. ఇలాంటప్పుడు ఆటెలా అని ఇంజనీరు వెళ్లిపోబోతుంటే అన్న ఆపాడు.

"ఇయ్యాల్నే ఆడాలె. ఎవల బంతి ఏడ పడ్డదో ఎవలకు కనబడది."

ఒక్కొక్కరూ కొట్టారు. కర్ర తగిలిన చప్పుడు, ఆ వెంటనే బంతిని మింగేసే తెల్లదనం. దూరంగా ఎక్కడో మెత్తగా ఏదో పడినట్టు వినబడేది, లేదంటే అదీ లేదు. బాగా పడిందా లేదా చూసుకునే వీలు లేకపోయేసరికి అందరి భుజాలూ దిగాయి. పళ్ల డాక్టరు భార్య కళ్లు మూసుకుని కొట్టింది. తర్వాత నా వంతు వచ్చింది. అప్పటిదాకా నేను ఎవరూ చూడనప్పుడు మాత్రమే కర్ర ఊపేదాన్ని. అన్నకి ఆ సంగతి తెలుసు, ఎప్పుడూ అనలేదు.

మొదటిసారి గాలిని కొట్టాను. రెండోసారి మట్టిని. దగ్గరున్నవాళ్లంతా చూస్తున్నారు, నేను బతికే ఉన్నాను.

"ఊపిరి" అంది మంచులోంచి అక్క గొంతు.

మూడోసారి చేతులకి ఏ బరువూ తెలియలేదు. టప్‌మని చిన్న చప్పుడు. బంతి కాళ్ల దగ్గర లేదు.

"ఏడ పడ్డదన్నా?"

"ఏడ పడ్డదో అడగకు చెల్లె. ఎట్లున్నదో చెప్పు."

కలలో మెట్టు దిగుతున్నప్పుడు కాలికి నేల అందనట్టు, అయినా పడిపోనట్టు ఉంది. మంచు పలచబడిన చోట చెరుకు పూత తేలుతోంది. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఆరేళ్ల పిల్లనో, యాభై రెండేళ్ల మనిషినో కాసేపు అర్థం కాలేదు. ఎదుగుదల అంటే ఒక గది తలుపు మూసి ఇంకో గదిలోకి నడవడమని ఇన్నాళ్లూ పిల్లలకి చెప్పాను. ఆ తలుపులేవీ మూసి ఉండవని ఆ పొద్దున నా ఒంటికి తెలిసింది.

మంచు విడిచాక గట్టు మీద టీ తాగుతున్నప్పుడు అన్న తన సంగతి చెప్పాడు. చాలా ఏళ్ల కింద ఒక పోటీలో, జానెడు దూరంలో ఉన్న గుంటలోకి బంతి నెట్టాల్సి ఉండగా చేతులు వణికాయట. ఆ తర్వాత మళ్లీ ఆడలేదు. "నేర్పుకుంట బతికిన. ఆడుకుంట కాదు" అన్నాడు. అక్క గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడెవలున్నరు తమ్మీ పోటీకి, మేమే గదా. లే" అంది. అన్న లేచాడు. ఆ రోజు మాతో ఆరు గుంటలూ ఆడాడు. చేతులు వణికాయి. వణుకుతూనే ఆడాడు.

అప్పటి నుంచి శిక్షణ మారింది. మొదటి గంట బంతి ముట్టం, కాలువ గట్టు మీద నడుస్తాం. మాట్లాడాలనిపించినవాళ్లు మాట్లాడతారు. తర్వాత ఇద్దరిద్దరం, ఒకరు తప్పుతుంటే ఒకరు పక్కన నిలబడటమే పని. ఇంజనీరు ఇప్పటికీ నా ప్రశ్నలకి జవాబు చెప్పడు, కానీ తన మనవరాలిని తీసుకొచ్చి ఆ పిల్ల చేతిలో ఓడిపోతాడు. అక్క భుజం పూర్తిగా నయం కాలేదు. చెయ్యి తల పైకి లేస్తోంది, అంతే. బీడీలు మానలేదు.

మొన్న నాలుగో గుంట దగ్గర ఆమె నాకంటే ఒక దెబ్బ వెనకపడింది. నేను అటు తిరిగిన క్షణంలో చెప్పు కొసతో బంతిని జానెడు ముందుకు నెట్టింది. అన్న చూశాడు.

"అక్కా, ఏందిది?"

"గాలికి కదిలింది తమ్మీ."

"గాలేడున్నదక్కా?"

"ఇప్పటిదాక ఉండె" అంది, ఏమాత్రం తొణక్కుండా.

నేను ఒప్పుకోలేదు. ఆమె ఒట్టు పెట్టింది, నేను నమ్మనన్నాను, నీతో ఇక ఆడనంది. ఎండ ముదిరేదాకా ఆ గుంట పక్కనే నిలబడి పోట్లాడుకున్నాం.