తలుపు గొళ్ళేనికి ఎర్రగుడ్డ

విజయనగరం నుంచి బిలాస్‌పూర్ వెళ్లాలనుకునేవారికి దారిలో పెద్ద కష్టమేమీ లేదు. రాయపూర్ ప్యాసింజరు ఎక్కి, రాయపూర్‌లో బండి మారితే చాలు. నా కష్టం బండి దిగాక మొదలైంది. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక లైనులో ఈ రోజుకీ ఒక అబద్ధం నిజంలా చలామణి అవుతోంది. మా మేనకోడలు సుగుణ తన పని మరిచిపోయిందని అక్కడందరూ నమ్ముతున్నారు. సుగుణ ఏదీ మరిచిపోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొన్న దసరా సెలవుల సంగతి ఇది. మా చెల్లెలు పార్వతి పెళ్లయి అక్కడికి వెళ్లి పదేళ్లు దాటింది. బావ సన్యాసిరావు గూడ్సు బండి డ్రైవరు. "నా ఇల్లు ఎలాగుంటాదో ఒక్కసారీ చూడనేదు నువ్వు" అని పార్వతి ప్రతి ఉత్తరంలోనూ దెప్పేది. నా భార్యకు సెలవు దొరకలేదు. ఎనిమిదేళ్ల మా కిరణ్‌ని వెంటబెట్టుకుని, ఒక సంచిలో బట్టలు, ఒక సంచిలో ఎండు నెత్తళ్లు సర్దుకుని, ఉదయాన్నే బండెక్కాను.

కిరణ్ నిద్రలో తప్ప నోరు మూయడు. నన్ను మా నాన్న బెత్తం చూపించి పెంచాడు. నా కొడుకు అలా పెరగకూడదని వాడు పుట్టినప్పుడే అనుకున్నాను. వాడు అరుస్తుంటే ఇల్లు కళకళలాడుతోందని మురిసిపోయేవాణ్ణి. పార్వతీపురంలో ఎక్కిన ఒక ముసలమ్మ రాయగడ దాకా ఓర్చుకుని, ఆ తర్వాత పైనున్న గొలుసు చూపించింది.

"బండికి గొలుసు పెట్టేరు గానీ, మీవోడి నోటికి పెట్టనేదేటి బాబూ?"

పెట్టెలో అందరూ నవ్వారు. "పిల్లలు పిల్లల్లా ఉండాలి కదమ్మా" అన్నాను.

"ఉండాల. పక్కనున్నోలు మనుసుల్లా ఉండొద్దేటి మరి?" అని ఆమె ముసుగు కప్పుకుంది.

రాయగడలో ఇడ్లీ, తిత్లాగఢ్‌లో టీ, పకోడీలు. రాయపూర్ చేరేసరికి చీకటి పడింది. వెయిటింగు రూములో నడుం వాల్చి, తెల్లవారి మొదటి బండి పట్టుకుని, తొమ్మిదికల్లా బిలాస్‌పూర్‌లో దిగాం. స్టేషను బయట పోహా అనే అటుకుల ఉప్మా, వేడి జిలేబీ తిని రిక్షా ఎక్కాం. ఊళ్లో ఆపకుండా బెల్లు కొట్టిన రిక్షావాడు క్వార్టర్ల లైను మొదట్లోకి రాగానే బెల్లు మానేసి, కిందికి దిగి, బండిని చేత్తో నడిపించాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

లైను ముందున్న ఖాళీ స్థలంలో పదిమంది పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒక్క మాట వినపడలేదు. బంతి పాతగుడ్డల ఉండ. బ్యాటుకు గోనెపట్టా చుట్టి ఉంది. ఒకడు అవుటయ్యాడు. బౌలరు వేలెత్తాడు. బ్యాటువాడు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు, కొట్టుకున్నంత పనయ్యింది, అయినా చప్పుడు లేదు. అలాంటి పిల్లల్ని నేనెక్కడా చూడలేదు.

"వీళ్లకి మాటలు రావా నాన్నా?" అన్నాడు కిరణ్, తన మామూలు గొంతుతో. ఆడుతున్న పిల్లలందరూ ఒక్కసారి తిరిగి, పెదాల మీద వేళ్లు పెట్టుకున్నారు.

ఒక ఇంట్లోంచి సుగుణ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. "మావయ్యా, ధీరే, ధీరే. పాపా పడుకున్నారు" అని తండ్రి గురించి గుసగుసగా చెప్పి, తలుపు చూపించింది. గొళ్ళేనికి జానెడు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"అదేమిటమ్మా?"

"పాపా రాత్రంతా బండి నడిపొచ్చేరు. గుడ్డ ఉంటే సిగ్నల్ ఎర్రగా ఉన్నట్టే. లైనులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మా ఇంటికి నేనే కడతాను, నేనే విప్పుతాను" అంది. ఆ "నేనే" అన్నప్పుడు మాత్రం గొంతు కాస్త పెరిగింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

ఆ లైనులో ప్రతి ఇంటా అంతేనట. తండ్రి నిద్రకు పిల్లలే కాపలా. బాధ్యత తెలిసిన పిల్లకే ఆ గుడ్డ ఇస్తారు. పోయినేడాది నుంచి సుగుణకు ఇచ్చారు.

పార్వతి కూడా గుసగుసగానే పలకరించింది. "ఏటన్నియ్యా, సిక్కిపోయావు. కాల్ బాయ్ ఎప్పుడొచ్చి డ్యూటీకి పిలుస్తాడో తెలీదు. ఈలోగా ఆయన నాలుగు గంటలైనా పడుకోవాల." టీ ఇచ్చి, మాకోసం కూరలు తెస్తానని సుగుణను తీసుకుని బుధవారీ బజారుకు వెళ్లింది.

నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ మూగ ఆట చూస్తూ కూర్చున్నాను. మా నాన్న బెత్తం గుర్తొచ్చింది. సుగుణ చెప్పినదంతా విన్నాను గానీ, నాకు వినపడింది పిల్లల భయం ఒక్కటే. ఆటలో ఉన్న పిల్లలు గమనించకముందే లేచి గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాను. "ఆడుకోండర్రా, గట్టిగా ఆడుకోండి" అన్నాను.

పిల్లలు తలుపు వంక చూశారు. "సుగుణా నే ఖోల్ దియా క్యా?" అని, సుగుణే విప్పిందా అన్నట్టు, ఒకడు గొణిగాడు. కిరణ్ కేక పెట్టాడు. అంతే, లైనంతా కేకలే. ఈలలు, ఏడుపులు, నవ్వులు. నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కాసేపటికి బావ లుంగీతో బయటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పిల్లల్ని చూశాడు, గొళ్ళెం చూశాడు. గుడ్డ లేదు. గుడ్డ లేనప్పుడు పిల్లల్ని కసరే హక్కు అక్కడ ఏ తండ్రికీ లేదని నాకు తర్వాత తెలిసింది. నన్ను చూసి, "వచ్చీసేవా బావా" అని నవ్వి, మళ్లీ లోపలికి వెళ్లి పడుకున్నాడు. మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది.

బజారు నుంచి వస్తూనే సుగుణ ఖాళీ గొళ్ళెం చూసి, సంచి కింద పడేసి, రెండు చేతులూ ఊపుతూ పిల్లల మీదికి పరుగెత్తింది. లైను మళ్లీ మూగబోయింది. కానీ అప్పటికే కాల్ బాయ్ సైకిలు దిగుతున్నాడు.

బావ ముఖం కడుక్కుంటూ మామూలుగానే అడిగాడు. "ఏటమ్మా, గుడ్డ కట్టనేదా?"

"కట్టేను పాపా." ఆ మాట అంటూనే సుగుణ నా వైపు చూసింది. నా చొక్కా జేబు వైపు. వంగి చూసుకుంటే ఎర్ర కొస బయటికి వేలాడుతోంది. ఆ పిల్ల తల దించుకుంది. "నహీ పాపా. భూల్ గయీ" అంది.

మరిచిపోయానని చెప్పింది. ఇంటికొచ్చిన మావయ్య తలవంపుల పాలు కాకూడదని తొమ్మిదేళ్ల పిల్లకు తోచింది. నేను ఆ కొసను జేబులోకి తోసి, తర్వాత గుడ్డను నా సంచి అడుక్కి దూర్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం బావ తిరిగొచ్చాడు. అన్నం కలుపుతూ చెప్పాడు. "చాంపా స్టేషను దగ్గర నిన్న సిగ్నల్ ఎర్రగా ఉంది బావా. నా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కానీ నాకు కనపడనేదు. అసిస్టెంటు భుజమ్మీద కొట్టి అరిచేడు. బ్రేకేసేను. సిగ్నల్‌కి ఇవతలే ఆగింది. ముందర ప్యాసింజరు బండి నిలబడుంది."

పార్వతి చేతిలోని గరిటె పళ్లెంలో పడింది. ఆ ప్యాసింజరు బండిలో కిరణ్ లాంటి పిల్లలెంతమందో.

బావ సుగుణను పిలిచాడు. దెబ్బ పడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, పడితే నేననుకున్నదే రుజువవుతుందని కూడా అనుకున్నాను. బావ ఎడమచేత్తో పిల్ల తల నిమిరాడు. "ఈరోజు కాడ్నించి గుడ్డ నేనే కట్టుకుంటాలేమ్మా. నువ్వు ఆడుకో."

సుగుణ కొయ్యబారిపోయింది. నాకు అది ఆఖరి అవకాశం. నేనన్న మాట ఇది: "చిన్నపిల్ల కదా బావా, మరిచిపోయుంటుంది."

నా నోట్లోంచే వచ్చిందా ఆ మాట అని ఇప్పటికీ దిమ్మెరపోతాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీ దిగొచ్చిన బావ, బూట్లైనా విప్పకుండా, గొళ్ళేనికి కొత్త ఎర్రగుడ్డ కట్టుకున్నాడు. రోజూ ఆ వేళకు తను నిలబడే చోటే సుగుణ నిలబడి చూసింది. ఆ రోజంతా ఆటకు వెళ్లలేదు. మేం బయలుదేరినప్పుడు నా కాళ్లకు దండం పెట్టింది.

తిరుగు ప్రయాణంలో రాయపూర్‌లో ఉదయం ప్యాసింజరు ఎక్కాం. రెండు రాత్రులుగా నిద్ర లేదేమో, మహాసముంద్ దాటగానే ఒరిగిపోయాను.

మెలకువ వచ్చేసరికి ఏదో తేడాగా ఉంది. బండి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పెట్టె నిండా జనం ఉన్నారు. ఎదురు సీటులో ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటున్నారు. పల్లీలమ్మేవాడు ఒక్కొక్కరి ముందు వంగి గుసగుసగా అడుగుతున్నాడు. కిరణ్ నా కాళ్ల దగ్గర నిలబడి, పెదాల మీద వేలు పెట్టుకుని, కొత్తగా ఎక్కినవాళ్లకు నా తలపైకి చూపిస్తున్నాడు.

తలెత్తి చూశాను. కిటికీ కమ్మీకి సుగుణ ఎర్రగుడ్డ కట్టి ఉంది. తువ్వాలు కోసం సంచి వెతుకుతుంటే దొరికిందట.

"లేచీసేవా?" అని వాడే ముడి విప్పాడు. విప్పాక గాని గొంతు పెంచలేదు. "నాన్నా, సుగుణ దీన్ని కట్టడం మర్చిపోయిందన్నారు కదా. నాకు దొరికినప్పుడే దీనికి ముడి మడతలున్నాయి, అంటే కట్టినట్టే కదా. మరి నీ సంచిలో ఉందేటి?"

"నేనే విప్పేను" అన్నాను.

వాడు విజయనగరం వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ మౌనం ఎలా ఉంటుందో పిల్లలున్నవారికి నేను వేరే చెప్పక్కర్లేదు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లి, ఏ తలుపుకైనా ఎర్రగుడ్డ చూస్తే, దయచేసి ముట్టుకోకండి. ఆ పిల్లలు భయపడి ఊరుకోవడం లేదు. తమ తండ్రుల్ని, ఆ బండ్లకు ఎదురయ్యే మనందరినీ కాస్తున్నారు.

గుడ్డ ఉతికి, మడతపెట్టి, సుగుణ పేరు మీద పోస్టులో పంపాను. ఇది అచ్చయిన పత్రికా పంపుతాను. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. పార్వతీ, నువ్వే గుమ్మంలో నిలబడి లైనంతా వినేటట్టు చదివి వినిపించు. తెలుగు రానివాళ్లకు హిందీలో చెప్పు. కానీ ముందు తలుపులన్నీ ఒకసారి చూసుకో. బావ లేచాకే చదువు.