బిక్షం కండువా రంగు

శంషాబాద్ బస్టాండు ఎదుటి వీడియో షాపు మా వీరేందర్‌ది. పెళ్లికి వెళ్తే పెళ్లివాళ్లకన్నా వాడి హడావిడే ఎక్కువ. షూటింగ్ మొదలుపెట్టే ముందు కెమెరాకు ఒక తెల్లగుడ్డ చూపిస్తాడు. మన కన్ను ఏ దీపం కిందైనా తెలుపును తెలుపుగానే సర్దుకుంటుంది. కెమెరాకు ఆ తెలివి లేదు, ఇదీ తెలుపు అని ఎవరో ఒకరు చెప్పాలి.

2012లో మామిడిపల్లి అరుణ పెళ్లిలో అక్కడే కొంప మునిగింది. తెల్లగుడ్డ మరిచిపోయిన ఈ మహానుభావుడు, పెళ్లికూతురి తండ్రి బిక్షం భుజం మీది కండువా తీసి కెమెరాకు చూపించాడు. పూజ కోసం పసుపునీళ్లలో ముంచిన కండువా అది. పందిట్లోని పసుపు బల్బులకు అలవాటుపడ్డ కళ్లకు తెల్లగానే కనిపించింది. కెమెరా వీడి మాట నమ్మి, అందరి ముఖాల్లోంచి పసుపు తీసేసింది. పెళ్లంతా నీలం!

అప్పుడు అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆర్నెల్లకు బిక్షం గుండెపోటుతో పోయాడు. ఆయన కదులుతూ, మాట్లాడుతూ ఉన్నది ఆ ఒక్క సీడీలోనే. దాన్ని పట్టుకుని ఆయన భార్య సత్తెమ్మ షాపుకొచ్చింది.

"గీ నీలం మొకం సూడలేకపోతున్న బిడ్డా. దవాఖానల ఆఖరికి గిట్లనే ఉండె. నాకు పానమున్న మనిషిని సూపియ్యి."

వీరేందర్ కంప్యూటర్లో ఎరుపు పెంచాడు.

"గింత ఎర్రగ ఎన్నడున్నడు?"

తగ్గించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చూసి చూసి వాడి కళ్లు ఆ నీలానికే అలవాటుపడి, ఏది సరైన రంగో వాడికీ తెలియకుండా పోయింది.

"పెద్దమ్మా, గా కండువా ఉన్నదా?"

"ఉన్నది. ఉతకలే. ఆయన వాసన పోతదని."

మర్నాడు తెచ్చింది. దాన్ని తెర పక్కన పరిచి, తెరలోని కండువా అంతే పసుపుగా మారేదాకా రంగు జరిపాడు. దాంతోపాటే మామిడాకులు పచ్చబడ్డాయి, అరుణ చీర ఎర్రబడింది. ఎండకు నిగనిగలాడే బిక్షం నల్లటి ముఖం తిరిగొచ్చింది.

సత్తెమ్మ ఏడవలేదు. తెరలో ఆయన వంటవాళ్లను కేకలేస్తున్నాడు, బంతిలో వడ్డిస్తున్నాడు. షాపు మీదుగా విమానం దిగుతుంటే ఆ గొంతు వినబడక ఆమె తెర దగ్గరికి జరిగింది. అయిపోతే మళ్లీ పెట్టమంది.

"రంగు తెచ్చినవు బిడ్డా. ఇగ జర ఇటు సూడుమను."

వీరేందర్ మొదటినుంచి చివరిదాకా వెతికాడు. పెళ్లిపనుల్లో మునిగిన బిక్షం ఎక్కడా కెమెరా వైపు చూడలేదు.