కర్పూరం కొట్టి కేసు వాపసు అడిగారు

2024 చివర్లో, కోవిల్‌పట్టి కోర్టు ఎదురు సందులో ఉన్న మా వకీలుగారి ఆఫీసుకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. నేను అక్కడ చాలా ఏళ్లుగా గుమాస్తాని. బడిలో నేను చదివిందంతా తమిళమే. తెలుగు రాత మాత్రం మా అమ్మ పూజగదిలో కూర్చోబెట్టి నేర్పింది. పుదూరు వైపు పల్లెల నుంచి వచ్చే మన తెలుగువాళ్ల గోడు ఇంటిమాటలో విని రాసుకోగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

తల్లి పేరు కృష్ణమ్మ. కూతురు జయంతి విరుదునగర్‌లో నర్సింగ్ చదువుతోంది. కృష్ణమ్మ అన్న కొడుకు రంగరాజు ఆ పిల్లకు మొర, అంటే పెళ్లికి వరసైనవాడు. జయంతి అతన్ని చేసుకోనంది. ఒక ఉదయం బస్టాండులో ఆమె విరుదునగర్ బస్సు ఎక్కుతుంటే అడ్డుపడి, ఆసిడ్ సీసా చూపించి, "నాకు దక్కని మొగం ఎవనికీ దక్కకూడదు" అన్నాడు. అదే మాట ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా కూడా పంపాడు. అంత ధీమా. మొర ఉన్నవాడు ఏమన్నా చెల్లుతుందని మా పల్లెల్లో మగపిల్లలకు నేర్పిన పెద్దలను నిలబెట్టి అడగాలనిపిస్తుంది నాకు.

స్టేషన్‌లో మొదట సి.ఎస్.ఆర్. ఇచ్చారు. అది ఫిర్యాదు అందిందనే రసీదు మాత్రమే, ఎఫ్.ఐ.ఆర్. పడితేగాని కేసు కాదు. మామ కొడుకేగా, ఇంట్లో మాట్లాడుకోండి అని పంపేశారట. మా వకీలుగారు ఆ వాయిస్ మెసేజ్ తీసుకెళ్లి పైఅధికారికి వినిపించాక ఎఫ్.ఐ.ఆర్. పడింది. క్రిమినల్ ఇంటిమిడేషన్, అంటే బెదిరింపు నేరం, కొత్త చట్టంలో సెక్షన్ 351. చంపుతాననో తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరించినట్టు రుజువైతే ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. రంగరాజు రిమాండ్‌కు వెళ్లి, బెయిల్ మీద వచ్చాడు.

అసలు ఒత్తిడి అప్పుడు మొదలైంది. అతను పోలీసు ఉద్యోగానికి పరీక్ష పాసై ఉన్నాడు. ఉద్యోగం ఇచ్చేముందు కేసులేమైనా ఉన్నాయా అని విచారిస్తారు. పిల్లోడి బతుకు పాడైపోతుందని ఊరంతా ఒకటే మాట. పిల్ల బతుకు గురించి ఒక్కరూ అనలేదు.

ఒకరోజు రంగరాజు తండ్రి, అంటే జయంతి మామ, ఇద్దరు పెద్దమనుషులతో, కృష్ణమ్మను వెంటబెట్టుకుని కేసు వాపసు తీసుకుంటామని ఆఫీసుకు వచ్చాడు. అంతకుముందే కులదేవత గుడిలో, ఇక పిల్ల జోలికి పోనని రంగరాజు చేత కర్పూరం కొట్టించారట. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి సత్యం చేయడం మావైపు అన్నిటికన్నా పెద్ద ప్రమాణం. దాని తర్వాత ఇంకెవరూ నోరెత్తకూడదు.

"సామి ముందరే సత్యం చేసినాడమ్మా. ఉరిమె, హక్కు ఉండేవాడు, ఏదో కోపంలో అన్నాడు. ఆ సీసాలో ఉండింది కూడా బాత్రూం కడిగేదే," అన్నాడు మామ.

"బస్టాండులో ఎవరి బాత్రూం కడగను వచ్చినాడన్నా?" అన్నాను. గుమాస్తా అనకూడని మాటే, ఆగలేకపోయాను.

ఈ నేరానికి ఈ కోర్టులో రాజీ కుదరదనీ, మదురై హైకోర్టు బెంచికి వెళ్లి కేసు కొట్టేయమని అడగాలనీ, అక్కడైనా పిల్ల ఒప్పుకోవాలనీ వకీలుగారు చెప్పారు. అందరూ కృష్ణమ్మ వైపు చూశారు. అన్న కాళ్లమీద పడ్డాడనీ, తాను సరే అనేశాననీ ఆమె తల దించుకుని చెప్పింది.

రోజూ దీపం పెట్టందే నీళ్లు ముట్టని దాన్ని నేను. నా ఒళ్లు మండిపోయింది. కొనుక్కొచ్చిన ఆసిడ్‌కు దేవుణ్ణి జామీను నిలబెడతారా? ఇన్ని సత్యాల మధ్య ఆ పిల్లను అడిగిందెవరు?

వకీలుగారు జయంతిని పిలిపించమన్నారు. మర్నాడు వచ్చింది. మామ మళ్లీ కర్పూరం మాటే ఎత్తితే నెమ్మదిగా అడిగింది.

"ఆర్పేటప్పుడు ఆయన చేయి ఎంతసేపు మండింది మామా?"

"ఎంతసేపు పాపా, ఒక చణం."

"నేను ఆ దినంనించి కాలేజీకి పోలే. పరీక్ష రాయను ఒక్క దినం పోతే, బస్సులో పక్కన కూర్చున్న ఆయమ్మ నీళ్ల బాటిల్ మూత తీసింది. నేను రెండు చేతులతో మొగం మూసుకున్నా. నాకు సత్యం వద్దు మామా. కేసు నడవనీ."

కృష్ణమ్మ లేచి కూతురి పక్కకు వచ్చి నిలబడింది.

కేసు నడిచింది. బెదిరింపు జరిగిన రోజు ఆ బస్సులో ఉన్న కండక్టరు భయపడకుండా వచ్చి చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పాడు. ఆయన్ను తలుచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. రంగరాజుకు జైలుశిక్ష పడింది, అప్పీలు పై కోర్టులో ఉంది. పోలీసు ఉద్యోగం రాలేదు. ఊళ్లో శుభకార్యాలకు కృష్ణమ్మ ఇంటికి పిలుపులు ఆగిపోయాయి. జయంతి చదువు పూర్తిచేసింది. బస్సులో మాత్రం, బయటినుంచి ఎవరైనా ఏమైనా చల్లుతారేమోనని, ఇంకా కిటికీ పక్క సీటులో కూర్చోదట.

ఇప్పుడు రాజీ చేసుకుంటామని ఎవరైనా పెద్దలను వెంటేసుకుని వస్తే, బెదిరింపుకు గురైంది ఎవరని మొదట అడుగుతాను. ఆ మనిషి వచ్చి, కూర్చుని, తన నోటితో చెప్పేదాకా అర్జీ కొట్టడానికి కంప్యూటరు తెరవను. పెద్దలకు కోపం వస్తుంది. రానీ.